సగం మాత్ర

మా అబ్బాయికి పదకొండేళ్ళప్పుడు, నాలుగు నెలల పాటు ఇంట్లో ఎవరికీ తెలియకుండా నేనొక పని చేశాను. రాత్రి అన్నం తిన్నాక వాడికి వెయ్యాల్సిన అజాథయోప్రిన్ మాత్రని వంటింటి గట్టు మీద పెట్టి, కూరగాయల చాకుతో రెండు ముక్కలు చేసి, ఒక ముక్కే వాడి చేతిలో పెట్టేదాన్ని. రెండో ముక్క మర్నాటికి. మందులు కొనేది నేనే కాబట్టి, నెలకి మూడు అట్టలకి బదులు ఒకటిన్నర అవుతున్నా అడిగేవాళ్ళు లేరు.

ఎందుకంటే, మందుపెట్టెలో మడిచి పెట్టిన కాగితం విప్పి చదివాను. చీమ తలకాయంత అక్షరాలు. వికారం, జుట్టు రాలడం, తెల్ల కణాలు పడిపోవడం, కాలేయం, క్లోమం... అన్నీ దాటుకుంటూ వచ్చి 'లింఫోమా' అన్న మాట దగ్గర ఆగిపోయాను. అదొక క్యాన్సర్. కడుపునొప్పి తగ్గడానికి ఇచ్చే మాత్రలో క్యాన్సర్ మాటేమిటి? ఆ రాత్రి నిద్రపట్టలేదు. పూర్తిగా మానేసే ధైర్యం లేదు, పూర్తిగా వేసే ధైర్యమూ లేదు. సగం వేస్తే సగం భయం తగ్గుతుందనుకున్నాను. అప్పటికి పద్నాలుగేళ్ళుగా తెనాలి హైస్కూల్లో లెక్కలు చెబుతున్నదాన్ని!

మావాడిది క్రోన్స్. తెలుగులో డాక్టర్లు పేగు పూత అంటారు. పెద్దపేగు లోపలి పొరకే పుండ్లు పడితే అది అల్సరేటివ్ కొలైటిస్, అంటే పెద్దపేగు పూత. నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రాగలిగేది, పేగు గోడ మందమంతా పాకేది క్రోన్స్. మావాడికి చిన్నపేగు చివర ఉంది. మన దేశంలో ఆ చోట పుండు కనిపిస్తే ముందు క్షయ అనుకోవాలి, ఎందుకంటే పేగు క్షయ అచ్చం ఇలాగే ఉంటుంది. కాబట్టి మొదట మూడు నెలలు టీబీ మందులు వాడి చూశారు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ మొదటికొచ్చాక, హైదరాబాద్ వెళ్ళి రెండోసారి కొలనోస్కోపీ చేయిస్తే క్రోన్స్ అన్నారు. ఇలాంటి బిడ్డ ఉన్న మీలో చాలామందికి ఈ తిరుగుడంతా తెలిసినదే.

నాలుగు నెలల తర్వాత వాడికి మళ్ళీ నొప్పి, జ్వరం, సన్నపడిపోవడం. డాక్టరుగారు రక్తపరీక్ష కాగితం చూస్తూ కాసేపు మాట్లాడలేదు. ఆ కాగితంలో ఎంసీవీ అని ఒక అంకె ఉంటుంది, ఎర్ర కణం సైజు. "ఈ మందు ఒంటికి సరిగ్గా పడితే కొన్ని నెలలకి ఈ అంకె కాస్త పైకి పోతుందమ్మా. బాబుకి ఇసుమంత కూడా కదల్లేదు. మందు పనిచెయ్యట్లేదా, అసలు పడట్లేదా? ఇది తేలకుండా నేను పై మెట్టు మందుకి వెళ్ళలేను" అన్నారు. కోప్పడలేదు. కోప్పడితే నేనూ ఏదో ఒకటి అడ్డం మాట్లాడేదాన్నేమో. ఏడుపొచ్చేసింది, చెప్పేశాను. పక్కనే మావారు, ఆయన వెనక బల్ల మీద మావాడు.

ఆ రోజు నుంచి నేను ఆలోచిస్తూనే ఉన్నాను, ఎందుకు అలా చేశానా అని. చదువు లేక కాదు, ప్రేమ లేక అసలే కాదు. నాకు తోచిన జవాబు ఇది. మన చేత్తో ఇచ్చినదానివల్ల బిడ్డకి ఏదైనా అయితే ఆ పాపం మనది. జబ్బువల్ల అయితే తలరాత. అమ్మా నాన్నల మనసు లెక్క ఇలాగే నడుస్తుంది. మందు చేసే చెడుకి పేరుంది, కాగితం మీద అచ్చేసి ఉంది, మన వేళ్ళ మధ్య నుంచి బిడ్డ నోట్లోకి వెళ్తోంది. జబ్బు చేసే చెడుకి కాగితం లేదు. పెట్టెలో మడిచి ఎవరూ ఇవ్వరు.

ఇస్తే అందులో ఏముంటుందో నేను రాస్తాను చూడండి. 'వైద్యం చెయ్యని క్రోన్స్ వల్ల పేగు సన్నబడి మూసుకుపోవచ్చు. పేగుకీ పేగుకీ, పేగుకీ చర్మానికీ మధ్య దారులు పడి చీము కారవచ్చు. రక్తం తగ్గుతుంది, ఎముకలు పలచబడతాయి. పిల్లలు పొడుగెదగరు. ఈడుకి రావడం ఆలస్యమవుతుంది. బడి పోతుంది. ఆపరేషన్ పడవచ్చు.' పెద్దపేగు పూతకైతే ఇంకో వాక్యం కలపాలి. 'తీవ్రంగా తిరగబెడితే ప్రాణాల మీదికి వస్తుంది.' ఇది బెదిరించడానికి రాయడం లేదు. 1955లో ఆక్స్‌ఫర్డ్‌లో ట్రూలవ్, విట్స్ అనే ఇద్దరు డాక్టర్లు ఈ పెద్దపేగు పూతకి కార్టిసోన్ ఇచ్చి చూసిన ప్రయోగం వివరాలు అచ్చువేశారు. జబ్బు తీవ్రంగా ఉండి ఆ మందు ఇవ్వనివాళ్ళలో దాదాపు నాలుగో వంతు మంది చనిపోతే, ఇచ్చినవాళ్ళలో అది 7 శాతానికి తగ్గింది. మనం ఈ రోజు దుష్ప్రభావాల గురించి తీరిగ్గా కూచుని మాట్లాడుకోగలుగుతున్నామంటే, ప్రాణం సంగతి చాలావరకు ఆ మందులు చూసుకున్నాయి కాబట్టే.

అందుకని మొదటి మాట. మందు వల్ల వచ్చే చెడుని 'ఏమీ జరగకపోవడం'తో తూచకండి. ఏమీ జరగకపోవడం అన్నది మన బిడ్డకి రాసిపెట్టి లేదు. తక్కెడలో రెండో వైపు ఉన్నది జబ్బు.

ఇక అంకెలు. కాగితం మీద 'ప్రమాదం నాలుగు రెట్లు పెరుగుతుంది' అని ఉంటే గుండె ఆగినంత పనవుతుంది. దేనికి నాలుగు రెట్లు? మొదట ఎంత? నా పిల్లలకి బోర్డు మీద ఇలా వేసి చూపించేదాన్ని. పదివేల మందిలో ఒకరికి వచ్చేది నాలుగు రెట్లయితే నలుగురికి వస్తుంది. మిగతా 9,996 మందికి రాదు. అదే జబ్బు తిరగబెట్టడం లాంటిది నూటికి నలభై అయితే, అక్కడ ఒక్క రెట్టు కూడా పెరగకపోయినా నలభై మంది ఇళ్ళలో నిద్ర ఉండదు. బోర్డు మీద ఇంత సులువుగా చెప్పినదాన్ని, నా వంటింట్లో మర్చిపోయాను. డాక్టరు 'అరుదు' అంటే సరిపెట్టుకోకండి, అలాగని పారిపోనూ వద్దు. "నూటికి ఎంతమందికండీ, వెయ్యికా, పదివేలకా?" అని అడగండి. "మందు వాడకపోతే ఆ అంకె ఎంత?" అని కూడా.

నా భయం ఉత్తుత్తిది కాదని కూడా చెప్పాలి. అజాథయోప్రిన్‌తో లింఫోమా ముప్పు కొద్దిగా పెరుగుతుందన్నది నిజమే. కాలేయం, ప్లీహం పట్టుకునే ఒక రకం మరీ అరుదు, మరీ మొండిది. అది ఎక్కువగా కుర్రవాళ్ళలో, ఈ మందుని ఒంటరిగా గానీ ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి బయోలాజిక్‌తో (జీవకణాల్లో తయారుచేసే మందు) కలిపి గానీ ఏళ్ళ తరబడి వాడినవాళ్ళలో కనబడింది. అందుకే మగపిల్లలకి ఆ రెండూ కలిపి దీర్ఘకాలం రాయడానికి డాక్టర్లు జంకుతారు. ఈ సంగతి నేను మొదటిరోజే అడిగి ఉంటే ఆయన చెప్పేవారు. "ఈ మందు ఎంతకాలం? బాబుకి ఇది తప్ప వేరే దారి ఉందా?" అని మాట్లాడుకునేవాళ్ళం. భయాన్ని గదిలోకి తీసుకెళ్ళి డాక్టరు బల్ల మీద పెట్టాల్సింది, నేను వంటింటి గట్టు మీద పెట్టాను.

సగం మందు అంటే సగం ప్రమాదం అనుకోవడం ఎంత పొరపాటో తర్వాత తెలిసింది. ఆ మోతాదు జబ్బుని ఆపలేదు, అయినా రక్తపరీక్షల అవసరం తప్పలేదు. పైగా నేను నిజం చెప్పకపోయి ఉంటే డాక్టరు 'ఇది పనిచెయ్యలేదు' అని రాసుకుని మరో బలమైన మందుకి వెళ్ళేవారు. బయోలాజిక్స్ విషయంలో ఇది ఇంకా గట్టి మాట. ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ని మొదటి రోజు, రెండో వారం, ఆరో వారం, ఆ తర్వాత సాధారణంగా ఎనిమిది వారాలకోసారి సెలైన్‌లో ఎక్కిస్తారు. 'బాగానే ఉన్నాడు కదా' అని డోసులు ఎగ్గొట్టి, నెలల తర్వాత మళ్ళీ మొదలుపెడితే, ఆ సందులో ఒళ్ళు ఆ మందుకి ఎదురు తిరగడం నేర్చుకుంటుంది. అప్పుడు మందు పనిచెయ్యదు, ఎక్కించేటప్పుడు రియాక్షనూ రావచ్చు. డబ్బు సర్దుబాటు కాక డోసు వాయిదా వేసే ఇళ్ళు నాకు తెలుసు. సిగ్గుపడకుండా ముందే డాక్టరుకి చెప్పండి. వాటికి దీటుగా మన దేశంలో తయారయ్యే బయోసిమిలర్లు ఉన్నాయి, ఇంకేమైనా దారులుంటే చెబుతారు. తెలియకుండా గ్యాప్ ఇవ్వడం కన్నా తెలిసి మందు మార్చుకోవడం నయం.

తూకం వేసేటప్పుడు నాకు ఎక్కువ పనికొచ్చిన ప్రశ్న ఒకటుంది. ఈ చెడు వెనక్కి వస్తుందా, రాదా? స్టెరాయిడ్‌తో ఉబ్బిన మొహం వస్తుంది, మందు తగ్గించాక పోతుంది. తెల్ల కణాలు పడిపోతే, సకాలంలో చూసుకుని మోతాదు తగ్గిస్తే మళ్ళీ పెరుగుతాయి. వికారం మందు మారిస్తే పోతుంది. కానీ పుండు మాని మాని మచ్చకట్టి సన్నబడిన పేగు మందుతో తిరిగి వెడల్పవదు. ఈడొచ్చి ఎముకల చివర్లు మూసుకుపోయాక పోయిన పొడుగు తిరిగి రాదు. పదకొండు నుంచి పదిహేనేళ్ళ మధ్య పిల్లల విషయంలో ఈ గడియారం తిరుగుతూనే ఉంటుంది. డాక్టరు గదిలో మొదట అడగాల్సింది బిడ్డ ఎదుగుదల పటం. మావాడి గీత రెండేళ్ళుగా అడ్డంగా పడుకుని ఉంది. దాన్ని నేను అంతకుముందు చూడనే లేదు. చొక్కాలు పొట్టి కాకపోతే డబ్బు మిగిలిందనుకునేదాన్ని.

స్టెరాయిడ్ల దగ్గర కాసేపు ఆగుతాను. చాలామంది తల్లిదండ్రులు బయోలాజిక్ అంటే బెదిరిపోతారు, స్టెరాయిడ్ అంటే బెదరరు. ఎందుకంటే అది మూడు రోజుల్లో పనిచేస్తుంది, చవక, పేరు అలవాటైనది. నాకు ఇది తలకిందుల భయం అనిపిస్తుంది. ప్రెడ్నిసొలోన్ మంటని ఆర్పే మందు, ఇంటికి కాపలా కాసే మందు కాదు. కొన్ని వారాలు పూర్తి మోతాదు, ఆ తర్వాత మెట్లు దిగినట్టు తగ్గిస్తూ రెండు మూడు నెలల్లో ఆపెయ్యడం, దాని పద్ధతి అంతే. నెలల తరబడి వాడితే పొడుగు ఆగుతుంది, ఎముకలు గుల్లబారుతాయి, కంట్లో శుక్లం, ఒత్తిడి, షుగరు. పేగు మాత్రం పూర్తిగా మానదు. అయినా పాత చీటీ పట్టుకుని మెడికల్ షాపుకి వెళ్ళి, ప్రతిసారీ రెండు వారాలు వేసి ఆపేసేవాళ్ళు మన ఊళ్ళలో కొల్లలు. ఏడాదిలో రెండుసార్లు స్టెరాయిడ్ అవసరపడిందంటే కాపలా మందు సరిగా లేదని అర్థం. మాట్లాడాల్సింది డాక్టరుతో.

ఇంకొకటి. వారాల తరబడి వేశాక స్టెరాయిడ్‌ని ఒక్క రోజులో ఆపకూడదు. బయటి నుంచి వస్తోంది కదా అని ఒంట్లోని అడ్రినల్ గ్రంథులు పని మానేసి ఉంటాయి. అవి మళ్ళీ లేచి పనిలో పడటానికి టైం కావాలి. మధ్యలో వాంతులై మాత్ర నిలవకపోతే, 'రేపు వేద్దాంలే' అనుకోకుండా ఆ పూటే ఫోన్ చెయ్యండి.

మావాడు స్టెరాయిడ్ మీద ఉన్న పది వారాలూ నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటాయి. రాత్రి రెండింటికి లేచి పెరుగన్నం అడిగేవాడు. చెల్లెలి మీద చెయ్యి చేసుకుని, తర్వాత తనే ఏడ్చేవాడు. బడిలో 'బూరె' అని పేరు పెట్టారు. నేను క్లాసు టీచరుని కలిసి, ఇది మందువల్ల, రెండు మూడు నెలల్లో పోతుందని ముందే చెప్పి ఉండాల్సింది. పిల్లవాడికి కూడా చెప్పలేదు. కోపం వాడిది కాదని, మాత్రదని తెలిస్తే వాడికి ఎంత తేలికయ్యేదో.

స్టెరాయిడ్ లేకుండా పూతని తగ్గించే దారి ఒకటి క్రోన్స్ పిల్లలకి ఉంది. ఆరు నుంచి ఎనిమిది వారాలు పోషకాల పొడి కలిపిన పాలలాంటి ద్రవం మాత్రమే. అన్నం లేదు, ఇడ్లీ లేదు, చిటికెడు కారప్పొడి లేదు. పిల్లల్లో ఇది స్టెరాయిడ్‌కి దీటుగా పనిచేస్తుంది, ఎదుగుదలకీ మంచిది. పెద్దపేగు పూతకి మాత్రం ఇది పనికిరాదు. దీని దుష్ప్రభావమల్లా విసుగు. చిన్న విసుగేం కాదు. మావాడు పంతొమ్మిదో రోజున, పక్కింట్లో పులిహోర తాలింపు వేస్తుంటే, గోడ పట్టుకుని నిలబడిపోయాడు. అక్కడితో ఆపేశాం. ఆ నెల ఇంట్లో అందరం చప్పగా వండుకుని, వాడి ముందు తినకుండా ఉండి ఉంటే గట్టెక్కేవాడేమో. మీకు డాక్టరు ఈ మాట అంటే, వంటింటిని కూడా చికిత్సలోకి తీసుకోండి.

అజాథయోప్రిన్ రాసినప్పుడు ఒక జన్యు పరీక్ష గురించి అడగండి. ఆ మందుని ఒళ్ళు ఎలా విరిచేస్తుందో చెప్పే జన్యువులు రెండున్నాయి, టీపీఎంటీ, ఎన్‌యూడీటీ15. పాశ్చాత్యుల పుస్తకాల్లో మొదటిదాని గురించే ఎక్కువ ఉంటుంది, మన ఆసియా వాళ్ళకి రెండోది ముఖ్యం. అందులో తేడా ఉన్న బిడ్డకి మామూలు మోతాదే విషమై, తెల్ల కణాలు ఉన్నట్టుండి పడిపోతాయి. మొదలుపెట్టిన కొద్ది వారాల్లో దువ్వెనకి జుట్టు కుచ్చులు కుచ్చులుగా వస్తే, నీళ్ళు పడలేదనో షాంపూ మార్చామనో అనుకోకండి. మాత్ర ఆపాలా అని అప్పుడే ఫోన్ చేసి అడిగి, ఆ రోజే రక్తపరీక్ష చేయించండి. మొదటి నెలలోనే పొట్ట పైభాగంలో తీవ్రమైన నొప్పి వచ్చి వీపులోకి పాకుతూ వాంతులైతే అది పాత పేగునొప్పి కాకపోవచ్చు, క్లోమం వాచి ఉండవచ్చు. మొదట్లో వారం వారం, తర్వాత నెలకీ మూడు నెలలకీ చేసే రక్తపరీక్షలు మనల్ని విసిగించడానికి పెట్టినవి కావు. బిడ్డకి తెలియకముందే ఆ కాగితానికి తెలుస్తుంది. మా ఆయన ఆ తేదీల్ని కరెంటు బిల్లు గడువులా క్యాలెండరు మీద ఎర్రసిరాతో చుట్టేవారు. (ఆ మాత్రని అసలు చేత్తో విరగ్గొట్టకూడదనీ, చాకు సంగతి చెప్పనే అక్కర్లేదనీ నాకు ఆ తర్వాత తెలిసింది.)

మెథోట్రెక్సేట్ రాస్తే ఒక్క మాట గోడ మీద రాసిపెట్టుకోండి. అది వారానికి ఒక్కసారి. రోజూ వేసేస్తే ప్రాణం మీదికొస్తుంది. ఇలాంటి పొరపాట్లు నిజంగా జరుగుతాయి, చదువుకున్న ఇళ్ళలో కూడా. వారంలో ఫలానా రోజు అని పేరుతో సహా చీటీ మీద డాక్టరు చేతే రాయించుకోండి. దానివల్ల వచ్చే వికారం బడి పాడుచెయ్యకుండా, కొందరు శనివారం రాత్రికి పెట్టుకుంటారు. ఈడొచ్చిన ఆడపిల్లకి ఈ మందు రాస్తే, గర్భంలోని శిశువుకి అది హాని చేస్తుందన్న సంగతి అమ్మాయికీ తెలియాలి. మొహమాటపడి దాచే విషయం కాదు.

పెద్దపేగు పూతకి మొదట ఇచ్చే మెసలమైన్ అన్నిటిలోకీ సాధువైన మందు. అయినా అప్పుడప్పుడు మూత్రపిండాల పరీక్ష చేయిస్తారు. కొందరు పిల్లల్లో అదే మందు విరేచనాల్ని పెంచుతుంది. మొదలుపెట్టిన రెండు వారాల్లో జబ్బు ఎక్కువైతే ఈ అనుమానం కూడా చెప్పండి.

మన దగ్గర ప్రత్యేకంగా తూచాల్సినది క్షయ. బయోలాజిక్ మొదలుపెట్టే ముందు ఛాతీ ఎక్స్‌రే, చేతి మీద మాంటూ పరీక్ష, లేదా రక్తంలో ఐజీఆర్‌ఏ చేస్తారు. ఒంట్లో నిద్రపోతున్న క్షయ క్రిమిని ఆ మందు లేపగలదు కాబట్టి. ఇంట్లో తాతగారికో పనిమనిషికో ఎప్పుడైనా టీబీ వచ్చి ఉంటే, అది పరువు తక్కువ అనుకోకుండా డాక్టరుకి చెప్పాలి. ఆ ఒక్క వాక్యం ఏ పరీక్షకన్నా తక్కువది కాదు.

టీకాలు కూడా. ఆటలమ్మ, తట్టు టీకాలు బతికున్న వైరస్‌తో చేసినవి. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు మొదలయ్యాక వాటిని వెయ్యరు. ఆటలమ్మ టీకా సర్కారు ఉచిత పట్టికలో లేదు, కాబట్టి చాలామంది పిల్లలకి పడి ఉండదు. జబ్బు పేరు చెప్పిన రోజే టీకాల కార్డు తీసుకెళ్ళండి. మందు మొదలవడానికి నెల వ్యవధి ఉంటే వేయించుకోవచ్చు. మందు మీద ఉండగా పక్క బెంచీ పిల్లాడికి అమ్మవారు పోసిందని తెలిస్తే, మీవాడి ఒంటి మీద పొక్కు లేకపోయినా అదే రోజు ఫోన్ చెయ్యండి. ముందుగా ఇచ్చే రక్షణ ఇంజెక్షనుకి గడువుంటుంది. ఫ్లూ టీకా ఇంజెక్షన్ మాత్రం నిశ్చింతగా వేయించవచ్చు. ఈ మందుల మీద ఉన్న బిడ్డకి జ్వరం 101 దాటితే వాన నీళ్ళలో తడిశాడని సర్దుకోవద్దు. ఒంటినొప్పికైనా జ్వరానికైనా పారాసిటమాల్ తప్ప ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి అడక్కుండా వెయ్యకండి, అవి పేగుని రెచ్చగొట్టవచ్చు.

మా అత్తగారికి ఇంగ్లీషు మందులన్నీ వేడి. "పసివాడి పేగు ఉడికిపోతుందే" అనేవారు. ఎవరో చెప్పిన భస్మం ఒకటి తెప్పించారు. ఆవిడతో నేను పోట్లాడలేదు. నేను దొంగచాటుగా మాత్ర కోసినదాన్ని, ఆవిడ బాహాటంగా భస్మం తెచ్చారు, ఇద్దరిలో ఎవరు నిజాయితీపరులు? ఆ పొట్లం తీసుకెళ్ళి డాక్టరుకే చూపించాం. కొన్ని భస్మాల్లో సీసం, పాదరసం బయటపడిన సందర్భాలున్నాయనీ, కాలేయం మీద ఇప్పటికే ఒక మందు భారం ఉందనీ ఆయన ఆవిడకే నెమ్మదిగా చెప్పారు. మజ్జిగ, ఉసిరి, ధనియాల నీళ్ళకి అభ్యంతరం లేదన్నారు. ఆవిడ ఆనాటి నుంచి మజ్జిగ శాఖ తీసుకున్నారు. ఇంట్లో పెద్దవాళ్ళకి ఏదో ఒక శాఖ ఇవ్వడం మంచిది.

డాక్టరు గదిలో మాటలు మర్చిపోతాం. నేను ఒక రెండొందల పేజీల నోటుబుక్కు పెట్టాను. ఎడం పేజీలో తేదీ, బరువు, పొడుగు, విరేచనాలెన్ని, నొప్పి, నిద్ర, బడి మానిన రోజులు. కుడి పేజీలో మందు, మోతాదు, కొత్తగా కనిపించిన మార్పు. మూడు నెలలు రాసేసరికి ఒకటి బయటపడింది. మందువల్ల అనుకున్న నీరసం మందు కన్నా ముందు నుంచే ఉంది. జబ్బు ఎప్పుడు లోపల రగులుతోందో పైకి తెలియదు కూడా. బిడ్డ ఆడుకుంటున్నా పేగులో పూత ఉండవచ్చు. అందుకే మలంలో కాల్‌ప్రొటెక్టిన్ అనే పరీక్ష చేస్తారు. 'బాగానే ఉన్నాడు, మందు ఎందుకు' అనిపించిన రోజున ఆ అంకె చూడండి.

మావాడికి పదమూడేళ్ళప్పుడు అజాథయోప్రిన్ ఆపి ఇన్‌ఫ్లిక్సిమాబ్ మొదలుపెట్టాం. పిల్లల క్రోన్స్‌కి అమెరికాలో ఆ మందుకి 2006లో అనుమతి వచ్చింది, అంటే అప్పటికే ఎన్నో ఏళ్ళ అనుభవం ఉంది. అయినా మొదటి రోజు సెలైన్ గొట్టంలో చుక్క చుక్కా పడుతుంటే నా చెయ్యి చల్లబడిపోయింది. రెండో ఏడు చర్మం మీద సోరియాసిస్ లాంటి మచ్చలు వచ్చాయి. అదీ ఆ మందు లక్షణమే. పూతమందుతో తగ్గాయి. అదే ఏడు వాడి ఎదుగుదల గీత మంచం దిగినట్టు లేచింది, పదకొండు నెలల్లో తొమ్మిది సెంటీమీటర్లు. తక్కెడలో రెండు వైపులా ఏమేం ఉన్నాయో ఆ ఏడు మొదటిసారి చూశాను.

వాడితో ఈ మాటలన్నీ మాట్లాడటం మేం ఆలస్యంగా మొదలుపెట్టాం. ఎనిమిదేళ్ళ బిడ్డకైనా వాడి స్థాయిలో చెప్పవచ్చు. పన్నెండేళ్ళు దాటితే డాక్టరు ముందు వాణ్ణే మాట్లాడనివ్వండి. మనకి లింఫోమా భయం, వాడికి గ్రూప్ ఫొటోలో మొహం భయం. రెండూ తూకంలోకి రావాలి. తనకి భారమైనది మనం లెక్కలోకి తీసుకోకపోతే మాత్ర వాష్‌బేసిన్‌లోకి పోతుంది, మనకి తెలియదు.

పదిహేనేళ్ళప్పుడు ఒకసారి, రైల్లో వస్తూ, కిటికీ వైపు చూస్తూ అన్నాడు. "అమ్మా, నువ్వు మాత్ర కోసేటప్పుడు గట్టు మీద పొడి రాలేది. నువ్వు అటు తిరిగాక నేను వేలితో అద్దుకుని తినేవాణ్ణి." నాకు నోట మాట రాలేదు. వాడికి అన్నీ తెలుసు. నేను భయపడుతున్నానని అడగలేదట. ఇలాంటివి మీ ఇంట్లో కూడా ఉంటాయేమో, అడిగి చూడండి.

ఇప్పుడు వాడికి పదిహేడు, ఇంటర్ రెండో సంవత్సరం. నోటుబుక్కు వాడి చేతికి వెళ్ళింది. నా పేజీల కన్నా పొదుపుగా రాస్తాడు, కొన్ని రోజులు అసలు రాయడు. పోయిన నెల హైదరాబాద్ వెళ్ళే ముందు కుడి పేజీ అడుగున ఒక ప్రశ్న రాసి పెట్టుకున్నాడు, "మందు ఆపొచ్చా? ఆపితే ఎంతమందికి తిరగబెడుతుంది?" అని. డాక్టరుగారు దాచకుండా చెప్పారు, ఆపినవాళ్ళలో సుమారు సగం మందికి ఏడాది రెండేళ్ళలో తిరగబెడుతుందనీ, కాల్‌ప్రొటెక్టిన్, కొలనోస్కోపీ రెండూ శుభ్రంగా ఉంటే ఆ అవకాశం కాస్త తగ్గుతుందనీ. వాడు రాసుకున్నాడు. బయటికొచ్చాక ఆటోలో లెక్క వేసుకుంటూ, "పరీక్షలయ్యాక ఆలోచిద్దాం" అన్నాడు. నాకో అభిప్రాయం ఉంది. ఇంకా చెప్పలేదు.